ముందు ఆంబోతును పరీక్షిస్తారు

1978 జూన్‌లో నన్ను చిత్తూరు ఊరి బయట ఉన్న ఆంబోతుల కేంద్రానికి వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. అప్పట్లో తిరుపతిలో పశువైద్యం చదివిన ఆడపిల్లలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మాలో ఎవరికి ఉద్యోగం వచ్చినా కోళ్ళ ఫారమో, టీకాల ప్రయోగశాలో చూపించి కూర్చోబెట్టేవారు. నాకు ఆంబోతులు ఎలా వచ్చాయో నాకే తెలియదు. కాగితం మీద పొడి అక్షరాలు చూసి మగవాడనుకుని వేశారని ఆఫీసులో ఒక కథ మాత్రం నడిచింది.

అక్కడి పని ఏమిటో ముందు చెప్పాలి. నాటు ఆవుకు జెర్సీ రక్తం కలిస్తే పాడి పెరుగుతుందని జిల్లా అంతా సంకరజాతి ఆవుల మీద పడిన రోజులవి. ఊరూరికీ ఒక ఆంబోతును తోలలేం కనుక, మంచి ఆంబోతులను ఒక చోట పెట్టి మేపేవాళ్ళం. వాటి వీర్యాన్ని తీసి, పరీక్షించి, కోడిగుడ్డు సొన కలిపిన ద్రావణంతో పలచన చేసి, ఐసు ఫ్లాస్కుల్లో పెట్టి బస్సు కండక్టర్ల చేతికిచ్చేవాళ్ళం. పలమనేరు బస్సులో ఒకటి, పుత్తూరు బస్సులో ఒకటి, తిరుపతి బస్సులో ఒకటి. ఆయా ఊళ్ళలో మా వాళ్ళు ఫ్లాస్కు దించుకుని, ఎదకు వచ్చిన ఆవులకు సూది వేసేవారు. ఫ్లాస్కు అందుకుంటూ కండక్టర్లు నవ్వేవారు. “అల్లుళ్ళను భద్రంగా దించుతాంలే మేడం” అనేవారు. నాకు మొదట చిరాకు వేసేది. తర్వాత నేనూ నవ్వడం నేర్చుకున్నాను.

వీర్యం తీయడం తెల్లవారాక చల్లటి పూట జరిగే పని. కట్టుకొయ్యల మధ్య ఒక ఆవును నిలబెట్టి, ఆంబోతును దాని మీదికి వదులుతారు. డాక్టరు కుడిపక్కన నిలబడి, లోపల గోరువెచ్చని నీళ్ళు నింపిన రబ్బరు గొట్టాన్ని సరిగ్గా ఆ క్షణానికి పట్టాలి. గొట్టం చివర గాజుగొట్టం ఉంటుంది. కాలు జారినా, చెయ్యి తడబడినా ఆంబోతు ఊరుకోదు. మా పై అధికారి, అసిస్టెంట్ డైరెక్టర్ గారు, పెద్దమనిషి. ఆ పని కాంపౌండరు చేస్తాడనీ, నేను గదిలో మైక్రోస్కోపు దగ్గర కూర్చుంటే చాలనీ అన్నారు. ఆడపిల్ల చేత ఆ పని చేయించి మీ నాన్నగారికి మొహం ఎలా చూపించమంటావని అడిగారు. కాంపౌండరుకు ఆ పని రాదు, నాకు వచ్చు. ఆ మాటే చెప్పాను. ఆయన తల పట్టుకుని వెళ్ళిపోయారు.

ఆంబోతును ముక్కుతాడు పట్టి నడిపించుకు వచ్చేవాడు మునిరత్నం. ఎన్.ఎం.ఆర్. మనిషి, అంటే ఉద్యోగం పర్మినెంటు కాకుండా హాజరు పట్టీ మీద దినకూలీగా పనిచేసేవాడు. ముప్ఫై దాటిన మనిషి, ఎత్తరి, మెలి తిప్పిన మీసం. తమిళనాడు సరిహద్దు ఊళ్ళలో పశువుల పండగకు ఎద్దుల కొమ్ములు వంచి పేరు తెచ్చుకున్నవాడు. మొదటి నెలంతా నేను గొట్టం పట్టుకునేసరికి వాడు సిగ్గుతో మొహం పక్కకు తిప్పుకునేవాడు. ఆంబోతు ముక్కుతాడు పట్టినవాడు మొహం తిప్పుకుంటే గొట్టం పట్టిన మనిషి చస్తుందని ఒకరోజు గట్టిగా అరిచాను. ఆనాటి నుంచి తిప్పుకోలేదు. పైగా బజారులో మా డాక్టరమ్మ అంత ధైర్యస్తురాలు జిల్లాలో లేదని చెప్పుకున్నాడట.

తీసిన వీర్యంలో ఒక చుక్కను వెచ్చటి గాజుపలక మీద వేసి మైక్రోస్కోపులో చూస్తే దాని బాగోగులు తెలుస్తాయి. మంచిదైతే చుక్కంతా కదులుతూ సుళ్ళు తిరుగుతుంది. మునిరత్నం ఒకసారి చూస్తానని అడిగితే చూపించాను. చాలాసేపు కన్ను ఆనించి ఉండి, “అన్నానికి ఎసరు మరిగినట్టుండాది మేడం” అన్నాడు. ఆ పోలిక నాకు నచ్చింది. తర్వాత నేనూ అదే మాట వాడుతూ వచ్చాను.

ఆ కేంద్రంలో రాజు అని ఒక జెర్సీ ఆంబోతు ఉండేది. లేత గోధుమరంగు ఒళ్ళు, నల్లటి మూతి, గజం ఛాతీ. ఏ పెద్దమనిషి తనిఖీకి వచ్చినా ముందు రాజునే చూపించేవారు. దాన్ని చిన్న దూడగా వచ్చినప్పటి నుంచి సాకింది మునిరత్నమే. దానికి ఉలవలు ఉడకబెట్టేది, ఒళ్ళు తోమేది, పుండు పడితే వేపనూనె పూసేది కూడా వాడే. నేను వెళ్ళిన ఏడాదికి రాజు ఫ్లాస్కు వెళ్ళిన ఊళ్ళ నుంచి ఆవులు తిరగపొర్లుతున్నాయని కబుర్లు మొదలయ్యాయి. తిరగపొర్లడమంటే సూది వేసిన ఆవు చూడి నిలవక మళ్ళీ ఎదకు రావడం.

ఊళ్ళలో రైతులు తప్పంతా ఆవులదే అనుకున్నారు. కొందరు సంతకు తోలి అమ్మేశారు. కానీ మా వృత్తిలో పద్ధతి వేరు. ఒక ఆవు తిరగపొర్లితే ఆవును చూస్తాం, ఊరి నిండా పొర్లితే ముందు ఆంబోతును చూస్తాం. రాజు వీర్యం చూశాను. ఎసరు మరగడం లేదు. ఎండల వల్ల కావచ్చని విశ్రాంతి ఇచ్చి, మేత మార్చి, వానలు పడ్డాక మళ్ళీ చూశాను. అప్పుడూ అంతే. ఇంకో రెండు నెలలు ఆగి చూసి, ఇది పనికిరాదని పైకి రాశాను.

మునిరత్నం నాతో వాదానికి దిగాడు. “ఎగబడి ఎక్కుతా ఉండాడే మేడం! కట్టుకొయ్యలు ఇరగ్గొడతా ఉండాడే! అంత మగతనం ఉండేవానికి లోపమేంది?” అన్నాడు. ఎక్కడం వేరు, చూడి కట్టడం వేరు, ఉత్సాహం ఒళ్ళు చూస్తే తెలుస్తుంది గాని ఫలం తెలియదు అని వివరించాను. వాడికి ఎక్కలేదు. మూపురం లేని జెర్సీ ఎద్దు కాడికి పనికిరాదు. పనికిరాదని తేలిన ఆంబోతును శాఖ వేలం వేస్తుంది, ఆ వేలంలో కసాయి వాళ్ళు తప్ప మరొకరు పాడరు. రాజును లారీ ఎక్కించిన రోజు మునిరత్నం కనిపించలేదు. గడ్డివాము వెనక కూర్చుని ఏడుస్తున్నాడని వాడి భార్య చెప్పింది.

ఆమె పేరు చెంగమ్మ. ఇద్దరి పేర్లూ మార్చి రాస్తున్నాను. ఆమె మా కేంద్రంలోనే పచ్చిగడ్డి కోసే కూలికి వచ్చేది. కేంద్రం వెనక రేకుల ఇంట్లో కాపురం. పెళ్ళై చాలా ఏళ్ళయినా పిల్లలు లేరు. నాగప్రతిష్ఠ చేయించుకుంది, శ్రీకాళహస్తి వెళ్ళింది, కొండకు మోకాళ్ళ మీద మెట్లెక్కింది. చిత్తూరు ఆసుపత్రిలో లేడీ డాక్టరుకు చూపించుకుంటే నీలో లోపమేమీ కనబడలేదు, ఇంటాయన్ను తీసుకురా అన్నదట. ఆ మాట ఇంట్లో చెబితే మునిరత్నం, “పరీక్ష సేయించుకునేదానికి నేనేమన్నా ఎద్దునా?” అన్నాడట. అత్త చిన్నపాపమ్మ ఎప్పుడూ అనే మాట ఒకటే: “గొడ్డొచ్చిన యాళ, బిడ్డొచ్చిన యాళ అంటారే, నువ్వొచ్చిన యాళ మా కొంపకు ఏల్నాటి శని యాళ.”

రాజును పంపేసిన తర్వాతి వారమో, ఆ పై వారమో చెంగమ్మ గడ్డిమోపు దించి నా గది గుమ్మం దగ్గర నిలబడింది. మాట్లాడే ముందు అటూ ఇటూ చూసింది. అత్త రెండో పెళ్ళి ఖాయం చేసిందని చెప్పింది. పిల్ల పరాయిది కాదు, చెంగమ్మ సొంత చెల్లెలు జయ. పద్దెనిమిది నిండి చిత్తూరులో టైపు నేర్చుకుంటున్న పిల్ల. ఇది మా వైపు చాలా ఇళ్ళలో ఉన్న వాడుకే. పెద్దదానికి పిల్లలు పుట్టకపోతే రెండోదాన్ని అదే ఇంటికి ఇస్తారు. ఇంటి బిడ్డ అయితే అక్కను వెళ్ళగొట్టకుండా ఒక మూల అన్నం పెడుతుందని ధైర్యం. వాళ్ళ నాయన ఒప్పుకున్నాడు. పిల్లను ఎవరూ అడగలేదు. చెంగమ్మ కృతజ్ఞతతో ఉండాలని అందరూ అనుకున్నారు.

“నేనెత్తుకోని పెంచిన పాప మేడం అది. నా సంక దిగి నడక నేర్సింది” అంది చెంగమ్మ. ఏడవలేదు. “నాకు సవతి వస్తే రానీ. దానికి గూడా బిడ్డ పుట్టకపోతే? దాన్ని గూడా గొడ్రాలంటారు గదా. లోపం యాడ ఉండాదో నాకు తెలియాల.”

నేను వెంటనే నిబంధనల వైపు చూశాను. భార్య ఉండగా ప్రభుత్వోద్యోగి మరో పెళ్ళి చేసుకుంటే ఉద్యోగం పోతుంది. కానీ హాజరు పట్టీ మనిషి ఉద్యోగి కాడు, ఆ నియమం వాడికి వర్తించదు. చట్టం ఒప్పదని నేనంటే, చట్టం మా ఇంటి గడప దొక్కేదానికి ముందే తాళి కట్టేస్తారు మేడం అంది. అది నిజమే.

అప్పుడు ఆమె కొంగు చాటు నుంచి ఒక చిన్న గాజు సీసా తీసింది. మేం మందులు పోసే సీసాయే, ఉడకబెట్టి కడిగినది. ఒంటికి ఆనించి వెచ్చగా తెచ్చింది. వెచ్చదనం పోతే లోపలున్నవి చచ్చిపోతాయని భర్త రోజూ ఇంట్లో చెప్పే మాటల్లోంచే ఆమె నేర్చుకుంది. ఎలా సంపాదించిందని నేను అడగలేదు. చట్టప్రకారం నేను మనిషి గోరును కూడా పరీక్షించకూడదు. ఆ మాట చెప్పాను. “ఎద్దును సూసినట్టు సూడండి సాలు” అంది.

చూశాను. గాజుపలక మీద ఏమీ కదలలేదు. కదలడం మాట అటుంచి, అసలు అక్కడ ఏమీ లేదు. ఒక్క పరీక్షతో ఆంబోతునైనా తీసెయ్యం, మనిషి సంగతి చెప్పనే కూడదు అని ఆమెకు చెప్పాను. కొన్నాళ్ళ తర్వాత ఇంకోసారి తెచ్చింది. అదీ అంతే. మనుషుల డాక్టరు మాత్రమే ఏదైనా తేల్చి చెప్పాలని, తిరుపతి పెద్దాసుపత్రికి ఇద్దరూ వెళ్ళాలని చెప్పాను. చెంగమ్మ సీసాను నా చేతిలోంచి తీసుకుని తానే కడిగి బోర్లించింది. అప్పుడు ఏడ్చింది. లోపం తనలో లేదని తెలిసిన ఆడది సంతోషపడుతుందని నేను అనుకున్నాను. ఆమె ఏడ్చింది వాడి కోసం.

ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. మర్నాడు చెంగమ్మ పెదవి చిట్లి ఉంది. మధ్యాహ్నం కాంపౌండరు భోజనానికి వెళ్ళిన వేళ మునిరత్నం నా గదిలోకి వచ్చి తలుపు చేరవేశాడు. కోపంతో వచ్చాడనుకుని నేను లేచి నిలబడ్డాను. కోపం కాదు. వాడి చేతిలో కూడా సీసా ఉంది. “అది అబద్ధం సెప్తా ఉండాది. మీరు సూడండి, నేను గూడా సూడాల” అన్నాడు.

ఆ ఉదయం తీసిన మరో ఆంబోతు వీర్యం ఇంకా ఉంది. ముందు అది చూపించాను. “ఎసరు” అన్నాడు. తర్వాత వాడిది పెట్టాను. వాడు కన్ను ఆనించాడు. నేను ఎదురుగా నిలబడి వాడి వేళ్ళను చూస్తున్నాను. ఎద్దుల కొమ్ములు వంచిన వేళ్ళు బల్ల అంచును పట్టుకుని ఉన్నాయి. చాలాసేపటికి తల ఎత్తాడు. అద్దం తడిసింది. కండువా కొసతో జాగ్రత్తగా తుడిచి, ఒక్క మాట అడిగాడు.

“నన్ను గూడా ఏలానికి పెడతారా మేడం?”

మనుషులను వేలం వెయ్యరని చెప్పాను. ఇది వాడి తప్పు కాదనీ, ఎప్పుడో గవదబిళ్ళల జ్వరం వచ్చినా ఇలా కావచ్చనీ, వాడి బలానికి దీనికి సంబంధం లేదనీ, పెద్దాసుపత్రిలో చూపించుకోమనీ చెప్పాను. వాడు వింటున్నాడో లేదో తెలియలేదు. రాజు విషయంలో నాతో వాదించినవాడు తన విషయంలో ఒక్క మాట వాదించలేదు. చివరికి, “ఎవరితో సెప్పబాకండి” అన్నాడు. జయతో పెళ్ళి జరగకూడదు, చెంగమ్మ మీద మళ్ళీ చెయ్యి పడకూడదు అన్నాను. తల ఊపాడు. మాట ఇచ్చాను. చెంగమ్మ కూడా విడిగా వచ్చి అదే మాట తీసుకుంది. పెద్దాసుపత్రికి వాడు పోలేదు. అక్కడ చిత్తూరు వాళ్ళెవరైనా కనబడతారని భయం.

మునిరత్నం తన మాట నిలబెట్టుకున్నాడు. పెళ్ళిమాటలకు వచ్చిన పెద్దల ముందు, చెంగమ్మ బతికుండగా ఇంకొకరిని తేనని చెప్పేశాడు. కారణం చెప్పలేదు. చిన్నపాపమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. గొడ్రాలు మందు పెట్టి కొడుకును కొంగున కట్టేసుకుందని వీధంతా చాటింది. చెంగమ్మ ఆ నిందను కూడా కాదనలేదు. ఆడది బొంకితే గోడ పెట్టినట్టు అని మనవాళ్ళు ఎత్తిపొడుస్తారు. చెంగమ్మ పెట్టిన గోడ అలాంటిదే, దాని చాటున వాడు తలదాచుకున్నాడు. ఊరి మగవాళ్ళు మాత్రం మునిరత్నాన్ని మెచ్చుకున్నారు. పిల్లలు లేకపోయినా పెళ్ళాన్ని వదల్లేదు, దొడ్డ మనసు అన్నారు. మా అసిస్టెంట్ డైరెక్టర్ గారు కూడా తనిఖీకి వచ్చినప్పుడు వాడి భుజం తట్టి, నీలాంటివాడు నూటికి ఒకడు ఉండడయ్యా అన్నారు. వాడు తల వంచుకుని నిలబడ్డాడు. అది వినయమని ఆయన అనుకున్నారు.

వాడిలో మార్పు నాకు తెలిసేది. మైక్రోస్కోపు ఉన్న గదిలోకి అడుగు పెట్టడం మానేశాడు. మీసం మాత్రం తియ్యలేదు. పశువుల పండగకు పిలిస్తే నడుము నొప్పి అనేవాడు. చెంగమ్మను ఒక్క మాట అనేవాడు కాదు. గడ్డిమోపు తానే మోసేవాడు, సంతకు పోతే ఆమెకు పూలు తెచ్చేవాడు. చూసినవాళ్ళు అబ్బో అనేవారు. గొడ్రాలు, మొగుడి చేత గడ్డి మోయిస్తోందని ఆడవాళ్ళు చెవులు కొరుక్కునేవారు. వాడు చేసే ప్రతి మంచికీ ఆమెకు ఒక మాట పడేది. నోరు విప్పే వీలు నాకు లేదు.

జయకు ఆ తర్వాతి ఏడాది చంద్రగిరిలో ఒక బడిపంతులితో పెళ్ళయింది. మంచి సంబంధం. 1981 మాఘమాసంలో ఆ పిల్లకు శ్రీమంతం చేశారు. చెంగమ్మ పట్టుబట్టి పిలిస్తే నేనూ వెళ్ళాను. పందిట్లో జయను చాప మీద కూర్చోబెట్టి, ముత్తయిదువలు ఒకరి తర్వాత ఒకరు గంధం పూసి, పసుపు రాసి, గాజులు తొడుగుతున్నారు. పులిహోర, పెరుగన్నం, బెల్లమన్నం ఆకుల్లో సిద్ధంగా ఉన్నాయి. కడుపుతో ఉన్న ఆ పిల్ల మొహం కళకళలాడుతోంది. ఆ గాజులు ఎరుపూ ఆకుపచ్చా కలిపి తిరుపతి బజారులో ఏరి తెచ్చింది చెంగమ్మే. తానే తొడగాలని తెచ్చింది.

చెంగమ్మ గాజుల తట్ట పట్టుకుని ముందుకు వచ్చేసరికి జయ అత్తగారు చెయ్యి అడ్డం పెట్టింది. ఆమెది గట్టి గొంతు కాదు, మెత్తగానే చెప్పింది. “నువ్వు వద్దులేమ్మా. ఏమనుకోబాక. తొలిసూలు పిల్ల. ఒడి నిండినోళ్ళే తొడగాల.” జయ తల ఎత్తి అక్కను చూసింది, కళ్ళు దించేసుకుంది. “అక్కా, నువ్వు తరువాత రా” అంది. ఆ పిల్లకు ఏమీ తెలియదు. తనను ఏ గోతి అంచు నుంచి ఎవరు పక్కకు లాగారో ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. ఎప్పటికీ చెప్పలేదు కూడా.

మునిరత్నం పందిరి గుంజ దగ్గర పెద్దల మధ్య నిలబడి ఉన్నాడు. వాళ్ళలో ఒకాయన అప్పుడే వాడి వీపు నిమిరి, “ఈ అబ్బకు ఉండే ఓర్పు ఎవురికి ఉంటాదప్పా” అని పక్కవాళ్ళతో అంటున్నాడు. వాడి మొహం నల్లబడింది. గుంజ వదిలి రెండు అడుగులు ముందుకు వేశాడు. నోరు తెరిచాడు. చెబుతాడని నాకు తెలిసిపోయింది. మైక్రోస్కోపులో తనది చూసుకున్న రోజు తర్వాత మొదటిసారి వాడు నా కళ్ళలోకి నేరుగా చూశాడు. చెప్పేయి, చెప్పేయి అని నా లోపల నేను అరుస్తూనే ఉన్నాను.

చెంగమ్మ వాడికంటే ముందు మాట్లాడింది. తట్టను పక్కన ఉన్న ముత్తయిదువ చేతిలో పెట్టి, అందరికీ వినబడేట్టు, “మామా, విస్తరాకులు తక్కువైనాయి. బజారుకు పోయి ఎత్తుకోని రా, పో” అంది. వాడు కదలలేదు. “పో మామా” అని మళ్ళీ అంది. ఆ రెండోసారి గొంతు బతిమాలినట్టుంది. వాడు తెరిచిన నోరు మూసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. ఆకులు ఒక కట్ట గోడవారన అలాగే ఉన్నాయి.

పెరట్లో కాళ్ళు కడుక్కునే రాయి దగ్గర ఆమెను పట్టుకున్నాను. ఎందుకు ఆపావని అడిగాను. నా కోపం వాడి మీదో, ఆమె మీదో, ఆ పందిట్లో అందరి మీదో నాకు తెలియలేదు. చెంగమ్మ నీళ్ళు మొహాన చల్లుకుని, కొంగుతో తుడుచుకుంది.

“ఆ మాట ఆయప్ప మొయ్యలేడు మేడం. చెప్పిన రోజే బావిలో పడతాడు. నన్ను అంటానే ఉండారు గదా ఇన్నేండ్లుగా. నేను యాడా పడలేదే” అంది. మళ్ళీ తానే, “ఆడదానికి గొడ్రాలని ఒక మాటుండాది. మగోనికి అట్లాంటి మాటే లేదు. లేని మాట యాడ పెట్టుకోని బతుకుతాడు?” అంది.

లోపల గాజుల చప్పుడు వినబడుతోంది. మునిరత్నం విస్తరాకులు తెచ్చి ఇచ్చాడు. చెంగమ్మ అందరికీ వడ్డించింది. వడ్డించడానికి ఒడి నిండి ఉండాలని ఎవరూ అనలేదు.

ఆ మరుసటి ఏడాది నాకు శ్రీకాళహస్తికి బదిలీ అయింది. వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. ముందు చెంగమ్మ పోయింది, తర్వాత కొన్నేళ్ళకు మునిరత్నం. చెంగమ్మ శవయాత్రలో ఎవరో ఆమెను గొడ్రాలనే చెప్పుకున్నారనీ, ఆ పక్కన నడుస్తున్న మునిరత్నం విని కూడా ఊరుకున్నాడనీ మా పాత కాంపౌండరు చెప్పాడు. నాకు వాడి మీద కోపం రాలేదు. ఏడుపు వచ్చింది. అప్పటికి వాడిని ఆపడానికి ఆమె లేదు. అయినా వాడికి నోరు రాలేదు. ఇద్దరూ పోయారు కనుక నేనిచ్చిన మాట కూడా తీరిందనుకుని ఇది రాస్తున్నాను.

మిగిలిన ఉద్యోగకాలమంతా కొత్తగా చేరే డాక్టర్లకు నేనొక పాఠం చెబుతూ వచ్చాను. ఊళ్ళో ఆవులు తిరగపొర్లుతున్నాయని కబురొస్తే వెంటనే ఆవులను తప్పు పట్టకండి, ముందు ఆంబోతును పరీక్షించండి. ఒళ్ళు బాగుంది, పొగరుగా ఉంది, కట్టుకొయ్యలు విరగ్గొడుతోంది అని వదిలేయకండి. ఇది నేను కనిపెట్టింది కాదు, మా శాఖలో ఎప్పటి నుంచో ఉన్న నియమమే. పశువులకు మాత్రమే రాసుకున్న నియమం.